బీటెక్‌కు ప్రభుత్వ సీటా, ఇంటి దగ్గర కన్వీనర్ సీటా, డీమ్డ్‌లో రాయితీ సీటా? నాలుగేళ్ల ఖర్చు లెక్క చెప్పండి

పటమట నాన్న

నమస్కారమండీ. మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో 21 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. ఇంటర్ ఎంపీసీ విజయవాడలోనే చదివింది, మార్కులు 962. ఓసీ. నాది ఆటోనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం, ఇంటి ఆదాయం మొత్తం ఏడాదికి 4.2 లక్షలు. బియ్యం కార్డు లేదు. దీని తర్వాత తొమ్మిదో తరగతి బాబు ఉన్నాడు.

మూడు దారులు ఆలోచిస్తున్నాం. ఒకటి, నరసరావుపేట జేఎన్‌టీయూకే ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ. రెండు, కానూరు వైపు ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా (ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు) సీఎస్ఈ లేదా దాని అనుబంధ బ్రాంచి. ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. మూడు, గుంటూరు దగ్గర ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయం. వాళ్లు సొంత పరీక్షలో ర్యాంకు వచ్చిందని ట్యూషన్ ఫీజులో 25 శాతం తగ్గిస్తామన్నారు. ఫీజు ఏడాదికి 3 లక్షలు, హాస్టల్ వేరు. ఈ ఆదివారం లోపు 40 వేలు కడితే సీటు ఖాయమట.

ప్రభుత్వ కాలేజీ అయితే చవక అని అందరూ అంటున్నారు. లోన్ తీసుకుంటే ఎంతవరకు తీసుకోవచ్చు, వడ్డీ ఎంత పడుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

ఆప్షన్ల మాస్టారు

మీ ప్రశ్నలో ప్రభుత్వమా ప్రైవేటా అన్నది రెండో సంగతి. సీటు ఏ కోటాలో వస్తోంది అన్నది మొదటి సంగతి. డబ్బు తేడా అంతా అక్కడే ఉంది. ఒకే కాలేజీలో, ఒకే తరగతి గదిలో కన్వీనర్ సీటు పిల్లా, బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) పిల్లా పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి ఫీజు ఉన్నత విద్య నియంత్రణ కమిషన్ సిఫార్సు మీద ప్రభుత్వం జీవో ఇచ్చి ఖరారు చేసింది, రెండోవారిది అంతకు ఎన్నో రెట్లు. ప్రైవేటు అనుబంధ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్‌వి, 30 శాతం మేనేజ్‌మెంట్‌వి. డీమ్డ్‌కు ఈ పద్ధతి వర్తించదు, వాళ్ల సీట్లు వాళ్లే నింపుకుంటారు, ఫీజు కూడా వాళ్లదే. అమరావతిలో ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వేరే చట్టం కింద ఉన్నాయి. కొన్నేళ్లుగా వాటిలో 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారా భర్తీ అవుతున్నాయి కాబట్టి వెబ్ ఆప్షన్లలో వాటిని కూడా వరసలో పెట్టండి. నేరుగా వెళ్లి అడిగితే చెప్పే ఫీజు, ఈ దారిలో వచ్చే ఫీజు ఒకటి కావు.

ఇక నరసరావుపేట. ట్యూషన్ తక్కువే, నిజం. కానీ పటమట నుంచి 80 కిలోమీటర్లు, రోజూ వెళ్లి రావడం కుదరదు. హాస్టల్, మెస్ కలిపి నెలకు 6 వేలు అనుకున్నా పది నెలలకు 60 వేలు. కానూరులో కన్వీనర్ ఫీజు నరసరావుపేట ఫీజు కంటే 60 వేలు ఎక్కువైతే రెండూ సమానమే అయ్యాయి. అందుకే 'ప్రభుత్వం చవక' అన్న మాట కాలేజీ మీ ఊళ్లో ఉన్నప్పుడే పూర్తిగా నిజం. విశ్వవిద్యాలయ కాలేజీల్లో కూడా కొన్ని సీట్లు సెల్ఫ్ ఫైనాన్స్ (విద్యార్థుల ఫీజుల మీదే నడిచేవి) కింద ఉంటాయి, వాటి ఫీజు వేరు. కాలేజీ పేరు చూసి సరిపెట్టుకోకుండా కౌన్సెలింగ్ జాబితాలో ఆ కాలేజీ కోడ్ ఎదురుగా ఉన్న ఫీజు చదవండి.

కన్వీనర్ ఫీజు అంటే ట్యూషన్ ఒక్కటే కాదు. ప్రత్యేక ఫీజు, విశ్వవిద్యాలయ ఫీజు, పరీక్ష ఫీజు, కాలేజీ బస్సు, ల్యాప్‌టాప్ ఇవన్నీ పైన. కాలేజీ అకౌంట్స్ విభాగంలో "కన్వీనర్ సీటుకు మొదటి ఏడాది మొత్తం కట్టవలసింది, రెండో ఏడాది మొత్తం కట్టవలసింది, రెండూ కాగితం మీద రాసివ్వండి" అని అడగండి. నోటితో చెప్పే అంకె, రసీదులో వచ్చే అంకె చాలాచోట్ల కలవవు. రసీదు ఇవ్వకుండా భవన నిధి, విరాళం అని అడిగితే అది క్యాపిటేషన్ ఫీజు. 1983 నాటి రాష్ట్ర చట్టం దాన్ని నిషేధించింది.

వెబ్ ఆప్షన్ల విషయంలో ఎక్కువమంది నష్టపోయేది వరస దగ్గరే. "ఇది ఎలాగూ రాదు కదా" అని ఇష్టమైన కాలేజీని కింద పెట్టి, వచ్చేదాన్ని పైన పెడతారు. కంప్యూటర్ పై నుంచి చూసుకుంటూ వచ్చి మొదట దొరికిన దగ్గర ఆగిపోతుంది, కింద ఉన్నదాన్ని చూడనే చూడదు. కాబట్టి మనసుకు నచ్చిన వరసే పెట్టండి, ఖర్చు కూడా ఆ నచ్చడంలో భాగమే అనుకోండి. పదీ పదిహేను పెట్టి ఆపకండి, యాభై అరవై పెట్టండి. గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక చూసేటప్పుడు మీకు పనికొచ్చేది ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం, ఓసీ, బాలికలు అన్న గడి మాత్రమే. కృష్ణా, గుంటూరు ఉమ్మడి జిల్లాలు ఆ ప్రాంతంలోకే వస్తాయి. ప్రతి విభాగంలో మూడో వంతు సీట్లు అమ్మాయిలవి, అందుకని అబ్బాయిల చివరి ర్యాంకు చూసి నిరుత్సాహపడొద్దు.

మీరు ఓసీ, ఆదాయం 8 లక్షల లోపు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) సర్టిఫికెట్ తీసుకున్నారా? చాలామంది దీన్ని వదిలేస్తున్నారు. సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇస్తారు. ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది, పోయినేడాదిది పనికిరాదు. 10 శాతం అదనపు సీట్లు దాని కింద ఉన్నాయి, ఆ గడిలో చివరి ర్యాంకు వేరుగా ఉంటుంది. సర్టిఫికెట్ల పరిశీలన ముగిసిన తర్వాత తెస్తే ఆ విడతకు లెక్కలోకి రాదు కాబట్టి రేపే వెళ్లండి.

సీటు వచ్చాక వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, తర్వాత కాలేజీలో రిపోర్టింగ్, రెండూ గడువులోగా చేయాలి. ఒకటి చేసి రెండోది మానేస్తే సీటు పోతుంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే రద్దు. పాతదాని కంటే నిజంగా మెరుగైనవే రెండో విడతలో పెట్టాలి.

జేఈఈ మెయిన్ రాసి ఉంటే ఒక్క మాట. తాడేపల్లిగూడెం నిట్‌లో సగం సీట్లు మన రాష్ట్రానివే. ట్యూషన్ ఏడాదికి 1.25 లక్షలు అని చూసి భయపడతారు గానీ, ఆదాయం లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే అందులో మూడింట రెండొంతులు మాఫీ. మీకైతే ఏడాదికి 42 వేల లోపే పడుతుంది. నిట్ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌కు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో ఉండాలి, రాష్ట్రానిది చూపిస్తే ఒప్పుకోరు.

నల్లపాడు లెక్చరర్

మాస్టారు డబ్బు సంగతి చెప్పారు, నేను చదువు సంగతి చెబుతాను. ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీ డిగ్రీకి బయట విలువ ఉంది, ఫీజు ఒత్తిడి ఉండదు. అయితే చాలా విభాగాల్లో శాశ్వత అధ్యాపకుల ఖాళీలు ఉన్నాయి, కాంట్రాక్టు మీద, గెస్టుల మీద నడుస్తున్నాయి. నరసరావుపేట కాలేజీ మొదలైందే 2016లో. ప్రైవేటులో కూడా కాగితం మీద ఉన్న పేర్లన్నీ తరగతి గదిలో కనిపించవు. అందుకని పేరు చూసి తీర్పు చెప్పకుండా ప్రతి కాలేజీకి ఒకే పరీక్ష పెట్టండి.

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన ప్రతి కాలేజీ తాను ఇచ్చిన వివరాల పీడీఎఫ్‌ను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. హోమ్ పేజీ అడుగున ఎన్ఐఆర్ఎఫ్ అని ఉంటుంది. అందులో నాలుగేళ్ల యూజీ పట్టిక తెరవండి. మొదటి ఏడాది ఎంతమంది చేరారు, సకాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అన్నీ వరసగా ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. బెంజి సర్కిల్ హోర్డింగుల మీద కనిపించేది ఒక్క విద్యార్థికి వచ్చిన ప్యాకేజీ. రెండిటికీ మధ్య ఎంత దూరం ఉందో చూస్తే మీకే అర్థమవుతుంది. ముఖ్యంగా చేరినవాళ్లకూ సకాలంలో పాసైనవాళ్లకూ ఉన్న తేడా చూడండి. 600 మంది చేరి 420 మందే సకాలంలో పాసైతే, మిగిలిన 180 మంది ప్లేస్‌మెంట్ శాతం లెక్కలోకే రాకపోవచ్చు.

ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు కాలేజీకి కాదు, బ్రాంచికి ఇస్తారు. సీఎస్ఈకి ఉండి, కొత్తగా పెట్టిన ఏఐ, డేటా సైన్స్ బ్రాంచిలకు లేకపోవచ్చు. మొదటి బ్యాచ్ ఇంకా బయటికి రాని బ్రాంచికి ఆ గుర్తింపు రానే రాదు. మీ అమ్మాయి చేరబోయే బ్రాంచి పేరే ఆ జాబితాలో వెతకండి.

ఈసీఈయా సీఎస్ఈయా అన్నది అమ్మాయినే అడగండి. ఫిజిక్స్ ఇష్టం లేని పిల్లకు ఈసీఈలో సిగ్నల్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్ దగ్గర బ్యాక్‌లాగ్‌లు పడతాయి. అవి పడితే ప్లేస్‌మెంట్ అర్హత, స్కాలర్‌షిప్ రెన్యూవల్ రెండూ పోతాయి.

బ్రాడీపేట లోన్ డెస్క్

లోన్ లెక్క విడమరిచి చెబుతాను. వడ్డీ 10 శాతం అనుకుందాం, బ్యాంకును బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది.

మన దేశంలో చదువుకు 4 లక్షల వరకు హామీ అక్కర్లేదు, సొంత వాటా అక్కర్లేదు. 4 లక్షలు దాటితే 5 శాతం మీరు పెట్టుకోవాలి. 7.5 లక్షల వరకు కేంద్ర గ్యారంటీ నిధి ఉంది కాబట్టి ఆస్తి తాకట్టు అడగకూడదు. అది దాటితే మామూలుగా ఇల్లో, స్థలమో, డిపాజిట్టో తాకట్టు పెట్టాలి. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం ఎలాగూ చేయాలి.

కానూరు కన్వీనర్ సీటుకు అన్నీ కలిపి ఏడాదికి లక్ష అనుకోండి. ఏటా లక్ష చొప్పున బ్యాంకు కాలేజీకి కడుతుంది. వాయిదాలు కోర్సు అయిన ఏడాదికి మొదలవుతాయి. అంటే మొదటి లక్ష మీద ఐదేళ్లు, రెండో లక్ష మీద నాలుగేళ్లు, తర్వాత మూడు, రెండు. బారువడ్డీ వేస్తే 50 వేలు, 40, 30, 20, మొత్తం 1.4 లక్షలు. వాయిదాలు మొదలయ్యేసరికి అప్పు 5.4 లక్షలు. పదేళ్లకు కడితే నెలకు 7,140 రూపాయల చొప్పున పడుతుంది. సెమిస్టర్ల వారీగా విడుదలైతే ఇంకాస్త తగ్గుతుంది.

మీకు మంచి కబురు ఏమిటంటే, మీ ఆదాయం 4.5 లక్షల లోపు. కేంద్ర వడ్డీ సబ్సిడీ పథకం కింద 10 లక్షల వరకు రుణానికి ఆ చదువు కాలం, ఆ తర్వాతి ఏడాది వడ్డీ మొత్తం కేంద్రమే భరిస్తుంది. అప్పుడు మీరు కట్టాల్సింది అసలు 4 లక్షల మీదే, నెలకు 5,290 దగ్గర. కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు గానీ, ఆ కోర్సుకు ఎన్‌బీఏ గానీ ఉండాలి. నాలుగేళ్ల చదువు మధ్యలో మానేస్తే సబ్సిడీ ఆగిపోతుంది. దీనికి తహసీల్దారు ఇచ్చిన ఆదాయ సర్టిఫికెట్ కావాలి, జీతం స్లిప్పు సరిపోదు. మొదటి విడత డబ్బు విడుదలయ్యేలోపే అది బ్యాంకులో ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. ఎక్కువమందికి సబ్సిడీ రాకపోవడానికి కారణం అర్హత లేకపోవడం కాదు, ఈ కాగితం ఫైల్లో చేరకపోవడం.

ఇప్పుడు డీమ్డ్. 3 లక్షల్లో 25 శాతం పోతే 2.25 లక్షలు. నాలుగేళ్లకు 9 లక్షలు. ఆ రాయితీ నాలుగేళ్లూ ఉంటుందా, సీజీపీఏ (సగటు గ్రేడు) ఇంత దాటితేనే ఉంటుందా, ఒక్క బ్యాక్‌లాగ్‌తో పోతుందా అని రాతపూర్వకంగా తీసుకోండి. రెండో ఏడాది నుంచి పోతే మొత్తం 11.25 లక్షలు, ఫీజు పెంపు లేకపోతేనే. హాస్టల్, మెస్, పుస్తకాలు కలిపి ఏడాదికి 4 లక్షల లెక్కన అప్పు చేశారనుకోండి, 16 లక్షల మీద అదే పద్ధతిలో 5.6 లక్షల వడ్డీ చేరి 21.6 లక్షలవుతుంది. పదేళ్ల వాయిదా నెలకు 28,500 పైన. మీ నెల ఆదాయం 35 వేలు. బాబు ఇంటర్ అయ్యి ఇంజనీరింగ్‌లో ఉండే రోజుల్లోనే ఈ వాయిదాలు మొదలవుతాయి.

పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబరులో ఆమోదించిన పథకం ఉంది. అందులో ఎంపిక చేసిన సంస్థలకు తాకట్టు లేకుండా రుణం ఇస్తారు, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ. ఆ కాలేజీ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో ముందు చూసుకోండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి ఇది వర్తించదు.

దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లోనే పెట్టండి. బ్యాంకు మేనేజరు నోటితో కాదంటే రికార్డు ఉండదు, పోర్టల్‌లో తిరస్కరిస్తే కారణం రాయాల్సిందే.

ఆప్షన్ల మాస్టారు

అమ్మాయి కాబట్టి ఇంకొకటి మర్చిపోయాను. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్. ఆదాయం 8 లక్షల లోపు, ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు, ఏడాదికి 50 వేలు. కాలేజీ ఏఐసీటీఈ ఆమోదం ఉన్నదై, సీటు కేంద్రీకృత కౌన్సెలింగ్ ద్వారా వచ్చి ఉండాలి. ఎంపిక ఇంటర్ మార్కుల మీద. 962 మార్కులతో తప్పక ప్రయత్నించాలి. మొదటి ఏడాదిలోనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. కాలేజీ నోడల్ అధికారి ఆన్‌లైన్‌లో ధ్రువీకరించకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది, అందుకని పెట్టిన వారంలో వెళ్లి అడగండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ)లో అనుసంధానం అయ్యి ఉండాలి. ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, ఈ అనుసంధానం వేరు.

ఇది రాకపోతే కేంద్ర ప్రతిభా స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్ బోర్డులో పై 20 శాతంలో ఉండి ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే మొదటి మూడేళ్లు 12 వేలు, నాలుగో ఏడాది 20 వేలు. రెండూ కలిపి తీసుకోవడం కుదరదు.

గుంటూరు అమ్మ

మాకు బియ్యం కార్డు ఉందండీ, బీసీ. మా బాబుకు కన్వీనర్ విడతల్లో నచ్చిన బ్రాంచి రాలేదు. స్పాట్‌లో, అంటే మిగిలిన సీట్లు కాలేజీయే నేరుగా నింపుకునేటప్పుడు, సీఎస్ఈ ఇస్తామంటున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

ఆప్షన్ల మాస్టారు

రాదమ్మా. స్పాట్ అడ్మిషన్‌కు, బీ కేటగిరీకి రీయింబర్స్‌మెంట్ లేదు. "తర్వాత మార్చి చూస్తాం" అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. కన్వీనర్ విడతలో వచ్చిన సీటు వదలకండి. వచ్చిన బ్రాంచిలోనే ఉండి మైనర్ డిగ్రీ కింద కంప్యూటర్ సబ్జెక్టులు చదివే వీలు చాలా కాలేజీల్లో ఉంది, అది అడగండి.

రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. సచివాలయ తనిఖీలో ఆధార్ మీద కారు కనిపించినా, ఇంట్లో ఎవరైనా ఆదాయపు పన్ను కడుతున్నట్టు చూపించినా అనర్హత వస్తుంది. అమ్మేసిన కారు మీ పేరు మీదే ఉండిపోతే ముందు రవాణా శాఖలో పేరు మార్పించండి. ప్రభుత్వం ఫీజు విడుదల ఆలస్యం చేసినప్పుడు కాలేజీలు ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అంటాయి. అలా కట్టాల్సి వస్తే రసీదు మీద రీయింబర్స్‌మెంట్ బకాయి కింద అని రాయించుకోండి.

పటమట నాన్న

అందరికీ ధన్యవాదాలు. ఈడబ్ల్యూఎస్ దరఖాస్తు రేపు పెడతాను. డీమ్డ్ వాళ్లు ఆదివారం అంటున్నారు కదా, కౌన్సెలింగ్ ఇంకా మొదలు కాలేదు. భద్రత కోసం ఆ 40 వేలు కట్టి ఉంచితే తర్వాత వెనక్కి వస్తాయా? ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇమ్మంటున్నారు.

నల్లపాడు లెక్చరర్

ఒరిజినల్స్ ఇవ్వకండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నోటిఫికేషన్ ప్రకారం పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర ఉంచుకోకూడదు. టీసీ, పది, ఇంటర్ మెమోలు అక్కడ ఇరుక్కుంటే మీ అమ్మాయి కన్వీనర్ సీటు దగ్గర రిపోర్టు చేయలేదు.

ఫీజు వాపసు అదే నోటిఫికేషన్‌లో ఉంది. లెక్క అంతా ఆ సంస్థ ప్రకటించిన ప్రవేశాల చివరి తేదీ నుంచి. ఆ తేదీకి 15 రోజులు ముందే మానుకుంటే మొత్తం, అందులో 5 శాతం లేదా 5 వేలు, ఏది తక్కువైతే అంతవరకు ఖర్చుల కింద పట్టుకోవచ్చు. 15 రోజుల్లోపు అయితే 90 శాతం, తేదీ దాటిన 15 రోజుల వరకు 80, ఆ తర్వాత నెల నిండేవరకు 50, అది దాటితే ఏమీ రాదు. కాబట్టి కట్టే ముందు ఆ చివరి తేదీ ఏమిటో ఈమెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. వాళ్లు చెప్పే ఆదివారం ఆ తేదీ కాదు, అది డబ్బు రాబట్టుకునే తేదీ. చివరి తేదీ ఈఏపీసెట్ మొదటి విడత ఎలాట్‌మెంట్ కంటే ముందే ఉంటే కట్టకండి. తర్వాత ఉంటే ఖాతా నుంచి ఆన్‌లైన్‌లోనే కట్టండి, నగదు వద్దు. మానుకునేటప్పుడు రద్దు కోరుతూ ఈమెయిల్ పంపండి, ఫోన్‌లో చెబితే తేదీకి సాక్ష్యం ఉండదు. వాపసు ఇవ్వకపోతే యూజీసీ ఇ-సమాధాన్ పోర్టల్‌లో ఆ ఈమెయిల్, రసీదు జతచేసి ఫిర్యాదు పెట్టండి.